టర్బో బండికి గ్యాస్ కిట్టు: లోపాన్ని ఘాట్ మీదే వెతకాలి

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే దారిలోనూ, జయపురం నుంచి కొరాపుట్ వచ్చే మలుపుల్లోనూ ఎల్‌పీజీ గ్యాస్ కిట్టు వేయించుకున్న టర్బో పెట్రోల్ కార్ల వాళ్లు చెప్పే ఫిర్యాదు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఊళ్లో తిరిగినంతసేపూ బండికి ఏ లోటూ ఉండదు. ఘాట్ మొదలై, రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఇంజిన్ కుదుపులు మొదలవుతాయి, పికప్ పడిపోతుంది, కిట్టు దానంతట అదే పెట్రోల్‌కు మారిపోతుంది. షెడ్డుకు తీసుకువెళ్తే బండిని నిలబెట్టి ఐడిల్‌లో చూస్తారు. అక్కడ అన్నీ సరిగ్గానే ఉంటాయి. ల్యాప్‌టాప్ తగిలించి గ్యాస్ మోతాదు కాస్త పెంచి పంపేస్తారు. వారం తిరగకముందే మళ్లీ అదే కథ.

ఈ లోపాలు ఐడిల్‌లో దొరకవు. టర్బో ఇంజిన్‌ను గ్యాస్‌కు మార్చినప్పుడు వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ప్రెషర్) పెరిగినప్పుడే పుడతాయి. బూస్ట్ పెరగాలంటే ఇంజిన్ మీద లోడు ఉండాలి. లోడు మీద కొలవకుండా చేసే రిపేరు ఊహాగానమే. సాఫ్ట్‌వేర్‌లో గ్యాస్ పెంచడం అన్నిటికన్నా చివర చేయవలసిన పని, మన దగ్గర అదే మొదట జరుగుతోంది. నిజానికి కొలవవలసినవి ఎక్కువేమీ లేవు. రెడ్యూసర్ (ద్రవ గ్యాస్‌ను ఆవిరి చేసి ప్రెషర్ తగ్గించే భాగం) నుంచి వచ్చే గ్యాస్ ప్రెషర్, రెడ్యూసర్‌కు అందే వేడి, ప్లగ్గుల దగ్గర నిప్పు. ఈ మూడూ తేలాకే ట్యూనింగ్ మాట.

బూస్ట్‌తో పాటు గ్యాస్ కూడా పెరగాలి

ట్యాంకులో ఎల్‌పీజీ ద్రవంగా ఉంటుంది. దాని ప్రెషరే ఆ ద్రవాన్ని బానెట్ కింద ఉన్న రెడ్యూసర్ దాకా తోస్తుంది. రెడ్యూసర్ ఇంజిన్ కూలెంట్ వేడితో ద్రవాన్ని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి ప్రెషర్‌ను తగ్గించి ఒక స్థాయిలో నిలుపుతుంది. అక్కడి నుంచి గ్యాస్ ఫిల్టర్ గుండా ఇంజెక్టర్లన్నిటికీ గ్యాస్ పంచే గొట్టానికి, అంటే రైలుకు, ఇంజెక్టర్ల నుంచి సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు చేరుతుంది.

ఇంజెక్టర్ గుండా ఎంత గ్యాస్ వెళ్తుందనేది రైలులో ప్రెషర్ ఎంత ఉందో చూసి మాత్రమే చెప్పలేం. ఎదురుగా మానిఫోల్డ్‌లో ఎంత ఉందో కూడా చూడాలి. టర్బో లేని ఇంజిన్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ ఎప్పుడూ బయటి గాలిని మించదు కాబట్టి అక్కడ ఈ లెక్క పెద్దగా ఇబ్బంది పెట్టదు. టర్బోలో సంగతి వేరు. రైలులో గ్యాస్ 1.2 బార్ దగ్గర ఉందనుకుందాం. ఘాట్ మీద టర్బో 0.8 బార్ బూస్ట్ ఇస్తోందనుకుందాం. రెడ్యూసర్ బయటి గాలినే ఆధారంగా చేసుకుని పనిచేస్తుంటే గ్యాస్‌కు మిగిలిన తోపు 0.4 బార్ మాత్రమే. సిలిండర్లలోకి గాలి దండిగా వెళ్తున్న ఆ క్షణంలోనే గ్యాస్ తగ్గిపోతుంది. మిశ్రమం పలచబడుతుంది, దహనగది వేడెక్కుతుంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తాను అంటుకుని కొట్టుకోవడం) వస్తుంది. అలాగే తొక్కుతూ పోతే పిస్టన్ అంచు కరిగిపోయే ప్రమాదం ఉంది.

అందుకే టర్బో బండిలో మానిఫోల్డ్ నుంచి ఒక సన్నని రబ్బరు పైపు రెడ్యూసర్‌లో ప్రెషర్‌కు కదిలే పలుచని పొర, అంటే డయాఫ్రమ్, వెనక ఉన్న గదికి వెళ్లాలి. బూస్ట్ 0.8 బార్ పెరిగితే ఆ పైపు ద్వారా అదే ప్రెషర్ డయాఫ్రమ్ మీద పడి, రైలు ప్రెషర్ 2.0 బార్‌కు పెరుగుతుంది. తేడా మాత్రం 1.2 దగ్గరే ఉంటుంది. ఇంజెక్టర్‌కు కావలసింది ఆ తేడాయే.

ఇంత ముఖ్యమైన పని చేసే ఆ పైపు చాలా బళ్లలో అన్నిటికన్నా చవక భాగం. సెమిలిగుడలో ఒక కారు బానెట్ కింద నేను దగ్గరగా చూసిన లోపం ఇది. పైపు కొనకు క్లిప్పు లేదు, రెడ్యూసర్ ముక్కుకు చేత్తో తొడిగి వదిలేశారు. ముక్కు చుట్టూ వేలి గోరంత మేర నూనె తడి, దానికి అంటుకున్న ఎర్రమట్టి దుమ్ము. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి అది పైపును ముక్కుకు గట్టిగా పీల్చి పట్టుకుంటుంది, ఎంత వెతికినా లీకు కనిపించదు. బూస్ట్ వచ్చేసరికి లోపలి గాలి పైపును ఉబ్బించి, ముక్కు నుంచి కొద్దిగా వదులు చేస్తుంది. ఆ సందులోంచి ప్రెషర్ బయటికి పోతుంది. సబ్బు నీళ్లు రాసి, చేతిపంపుతో ఒక బార్ వరకు గాలి ఎక్కిస్తే బుడగలు లేచి లోపం కళ్లెదుట కనిపించింది. కొత్త పైపు, రెండు క్లిప్పులు వేశాక ఆ కారు కుదుపు పోయింది. అంతకు ముందు అదే కారుకు సాఫ్ట్‌వేర్‌లో గ్యాస్ పెంచుతూ వచ్చారు. దానివల్ల మైదానంలో మైలేజీ పడిపోయింది, ఘాట్ మీద కుదుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ పైపు ఎక్కడి నుంచి మొదలవుతుందో కూడా చూడాలి. అది థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) తర్వాత, మానిఫోల్డ్ నుంచే రావాలి. టర్బోకు, థ్రాటిల్‌కు మధ్య నుంచి తీసుకుంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెడ్యూసర్‌కు తప్పుడు సంకేతం అందుతుంది. బూస్ట్ మితిమీరకుండా చూసే వేస్ట్‌గేట్‌కు వెళ్లే పైపును చీల్చి టీ ఆకారపు జాయింటు వేయడమూ మంచిది కాదు, ఒకదాని లీకు రెండోదానికీ అంటుకుంటుంది. టర్బో పక్కనే వేడికి మెత్తబడే ప్లాస్టిక్ గొట్టాలు అసలే వద్దు.

ప్రెషర్‌ను కొలిచేటప్పుడు జాగ్రత్త అవసరం. గేజి కోసం గ్యాస్ పైపును క్యాబిన్‌లోకి లాగే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది, చేయకూడదు. ఒక్కో సిలిండర్‌కు విడిగా గ్యాస్ చిమ్మే ఇప్పటి సీక్వెన్షియల్ కిట్లలో గ్యాస్ ప్రెషర్, మానిఫోల్డ్ ప్రెషర్, గ్యాస్ ఉష్ణోగ్రతలకు సెన్సర్లు ఉంటాయి, వాటి అంకెలు ల్యాప్‌టాప్‌లో కదులుతూ కనిపిస్తాయి. ఒకరు బండి నడపాలి, పక్క సీట్లో కూర్చున్నవారు అంకెలు రికార్డు చేయాలి. రెండూ ఒకరే చేయబోతే సుంకి మలుపులు క్షమించవు.

ఆ రికార్డు చదవడం వస్తే సగం పని అయినట్టే. బూస్ట్ వచ్చిన క్షణంలోనే తేడా పడిపోతే అనుమానం ఆ సన్నని పైపు మీద, లేదంటే గట్టిపడిన డయాఫ్రమ్ మీద. మొదట సరిగ్గా ఉండి, ఆగకుండా ఎక్కుతున్నకొద్దీ మెల్లగా పడిపోతే గ్యాస్ సరఫరా చాలడం లేదని అర్థం: మూసుకుపోయిన ఫిల్టర్, పూర్తిగా తెరుచుకోని ట్యాంకు వాల్వు, నొక్కుకుపోయిన రాగి గొట్టం, ఇంజిన్ శక్తికి చాలని చిన్న రెడ్యూసర్. గ్యాస్ ఉష్ణోగ్రత కూడా పడుతూ ప్రెషర్ పడితే లోపం రెడ్యూసర్‌కు వేడి తెచ్చే కూలెంట్ నీళ్ల వైపు ఉంది. ప్రెషర్ తేడా చివరిదాకా నిలిచి ఉన్నా మిశ్రమం పలచగానే వస్తుంటే ఇంజెక్టర్ల నాజిళ్లు చిన్నవి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్ చక్రం మొత్తానికి దొరికే సమయం 20 మిల్లీసెకన్లే, ఇంజెక్టర్ అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉండలేదు. కంప్యూటర్ ఎంత అడిగినా రంధ్రం పెద్దది కాదు.

నీళ్లు అందని రెడ్యూసర్

ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. మామూలు ఉష్ణోగ్రతల్లో కిలో ప్రొపేన్ ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి పడుతుంది. 100 హార్స్‌పవర్ పూర్తిగా వాడుకునే ఇంజిన్ నిమిషానికి మూడు వందల గ్రాములకు పైగా గ్యాస్ తాగుతుంది. లెక్క వేస్తే రెడ్యూసర్‌కు దాదాపు రెండు కిలోవాట్ల వేడి ఆగకుండా అందాలి, అంటే బకెట్ నీళ్లు కాచే పెద్ద ఇమ్మర్షన్ రాడ్డు అంత. ఆ వేడి మొత్తం కూలెంట్ గొట్టాల నుంచే రావాలి. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇందులో కొద్ది భాగం చాలు కాబట్టి లోపం బయటపడదు.

ఘాట్ ఎక్కి బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి వెంటనే బానెట్ ఎత్తండి. రెడ్యూసర్ మీద తెల్లటి మంచు పేరుకుని ఉంటే ఇంకో పరీక్ష అవసరం లేదు. మంచు లేకపోయినా, రెడ్యూసర్‌కు నీళ్లు తెచ్చే గొట్టం వేడిగా, తిరిగి వెళ్లే గొట్టం చల్లగా ఉంటే నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. రెండూ వేడిగా ఉండాలి. గొట్టాల్లో గాలి చిక్కుకోవడం, కూలెంట్ తగ్గడం, రెడ్యూసర్‌ను రేడియేటర్ పై మట్టం కన్నా ఎత్తుగా బిగించడం, హీటర్ గొట్టంలో సన్నని ముక్కు ఉన్న టీ వేయడం వంటివన్నీ ఇక్కడికే దారితీస్తాయి. వేడి చాలక ద్రవం ద్రవంగానే రైలు దాకా పోతే మిశ్రమం ఒక్కసారిగా చిక్కబడి ఇంజిన్ ఆగిపోతుంది. చూసేవారికి అది గ్యాస్ అయిపోయినట్టే కనిపిస్తుంది.

మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మైదానంలో ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతోందని కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తీసేస్తారు. సాలూరులో అది పనిచేసినట్టే అనిపిస్తుంది. అదే బండి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌లో చలికాలం తెల్లవారుజామున బయల్దేరితే కూలెంట్ ఎంతకీ వేడెక్కదు. కిట్టు గ్యాస్‌కు మారడానికి సాధారణంగా 30, 40 డిగ్రీల కూలెంట్ చాలు, కానీ ఆ వేడితో ఘాట్ మీద పూర్తి లోడు మోయడం కుదరదు. థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్‌లోనో ఫ్యాన్‌లోనో ఉంటుంది, దాన్ని అక్కడే వెతకాలి.

రెడ్యూసర్‌లో పేరుకునే జిడ్డు సంగతి కూడా మరిచిపోకూడదు. ఎల్‌పీజీలో కొద్దిపాటి బరువైన నూనె పదార్థాలు ఉంటాయి. అవి ఆవిరి కాకుండా అడుగున మిగిలి, గోధుమరంగు చిక్కటి ద్రవంగా మారుతాయి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, గ్యాస్ మూసి, డ్రెయిన్ స్క్రూ విప్పితే బయటికి వచ్చేస్తుంది. అది ఇంజెక్టర్ల దాకా పోతే చలిలో అవి అతుక్కుపోయి ఒక్కో సిలిండర్ మిస్సింగ్ కొడుతుంది.

చలికాలపు గ్యాస్

మనకు బంకులో దొరికే ఆటో ఎల్‌పీజీ శుద్ధమైన ప్రొపేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. 10 డిగ్రీల చలిలో ప్రొపేన్ ట్యాంకులో 5 బార్‌కు పైగా ప్రెషర్ ఇస్తుంది. బ్యూటేన్ అదే చలిలో అర బార్ ఇవ్వడమే గగనం. మిశ్రమంలో ప్రొపేన్ 40 శాతమే ఉందనుకుంటే ట్యాంకు ప్రెషర్ 2.4 బార్ దగ్గర ఆగుతుంది. ఇప్పుడు పైన చెప్పిన లెక్కకు తిరిగి వెళ్లండి. బూస్ట్ ఒక బార్ ఉన్నప్పుడు రైలులో 2.2 బార్ కావాలి. 2.4 నుంచి 2.2 అంటే ఫిల్టర్ల గుండా, పొడవాటి గొట్టం గుండా వచ్చేసరికి మిగిలేది ఏమీ లేదు.

పొట్టంగి, సెమిలిగుడ వైపు డిసెంబరు, జనవరి ఉదయాల్లో కనిపించే లోపాల్లో కొన్ని ఇలాంటివే. రెడ్యూసర్ బాగుంటుంది, పైపు బాగుంటుంది, మధ్యాహ్నం ఎండెక్కాక బండి కూడా బాగుంటుంది. ఇలాంటప్పుడు భాగాలు మార్చడం డబ్బు దండగ. ట్యాంకు డిక్కీలో ఉంటుంది కాబట్టి కూలెంట్ వేడెక్కినా దాని చలి తొందరగా పోదు. మొదటి ఘాట్ పెట్రోల్ మీద ఎక్కి, ఎండ వచ్చాక గ్యాస్‌కు మారడమే తేలికైన మందు.

పెట్రోల్‌లో బాగుంటే ప్లగ్గులు బాగున్నట్టేనా?

షెడ్లలో ఎక్కువగా వినిపించే వాదన ఇది: పెట్రోల్‌లో మిస్సింగ్ లేదు, గ్యాస్‌లో ఉంది, కాబట్టి లోపం గ్యాస్‌లోనే ఉంది. ఈ వాదన తప్పు. గ్యాస్ మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. బూస్ట్ పెరిగేకొద్దీ సిలిండర్‌లో ప్రెషర్ పెరిగి ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు, పెట్రోల్‌లో ఎలాగో నెట్టుకొస్తున్న పాత ప్లగ్గు, సన్నగా పగిలిన కాయిల్ రబ్బరు చేతులెత్తేస్తాయి. ప్లగ్గు గ్యాప్‌ను 0.7 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గించి చూడటం తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష. ప్లగ్గు తెల్లటి పింగాణి మీద నిలువునా నల్లటి గీత కనిపిస్తే నిప్పు మొన దగ్గర కాకుండా పక్కగా దూకుతోందని అర్థం, ప్లగ్గు, కాయిల్ రబ్బరు రెండూ మార్చాలి.

నాకింగ్ విషయంలోనూ తొందరపడి గ్యాస్‌ను తప్పు పట్టకూడదు. నాకింగ్‌ను తట్టుకునే శక్తిని చెప్పే మోటార్ ఆక్టేన్ సంఖ్య ప్రొపేన్‌కు 97 దరిదాపుల్లో, బ్యూటేన్‌కు 89 దరిదాపుల్లో ఉంటుంది. రెండూ మామూలు పెట్రోల్‌ను మించినవే. ఇంత తట్టుకునే ఇంధనంతోనూ ఇంజిన్ నాకింగ్ చేస్తుంటే మిశ్రమం పలచబడిందనో, కిట్టుతో పాటు అమర్చిన టైమింగ్ అడ్వాన్సర్ బూస్ట్‌లో కూడా ప్లగ్గు నిప్పు పడే సమయాన్ని ముందుకు జరుపుతోందనో, వేసవిలో మెల్లగా ఎక్కుతున్నప్పుడు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు గాలి అందక లోపలికి పోయే గాలి మరీ వేడిగా ఉందనో అనుమానించాలి. అడ్వాన్సర్ తక్కువ లోడులో మేలు చేస్తుంది, బూస్ట్‌లో దాని పని ఆగిపోవాలి.

ఇవన్నీ సరిచేశాక ట్యూనింగ్ వంతు. ఘాట్ మీద పూర్తిగా తొక్కినప్పుడు చాలా ఇంజిన్లు ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం మానేసి తమ పట్టిక ప్రకారమే ఇంధనం ఇస్తాయి. కాబట్టి ఫ్యూయల్ ట్రిమ్ (ఆ సెన్సర్ మాట విని కంప్యూటర్ చేసే ఇంధన సవరణ) అంకెలు బాగున్నాయని సంబరపడితే లాభం లేదు. మిశ్రమం పలచదనాన్ని, చిక్కదనాన్ని అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టి లాంబ్డా చూడాలి (1 అంటే గాలి, ఇంధనం సరిగ్గా సరిపోయినట్టు, అంతకు తక్కువైతే చిక్కటి మిశ్రమం). బూస్ట్‌లో అది 0.9 దగ్గర, కాస్త దిగువన ఉంటే ఇంజిన్ భద్రంగా ఉంటుంది. గాలి, ఇంధన నిష్పత్తి రూపంలో చూపే మీటర్లు ఎక్కువగా పెట్రోల్ లెక్కలో ఉంటాయి. పెట్రోల్‌కు సరిపోయే నిష్పత్తి 14.7 అయితే ప్రొపేన్‌కు 15.6 దాకా ఉంటుంది. లాంబ్డాలో చూస్తే ఈ గందరగోళం ఉండదు.

కొన్ని ఇంజిన్లకు ఏ ట్యూనింగూ చాలదు. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్‌కు మామూలు కిట్టు వేస్తే, గ్యాస్ మీద నడిచేటప్పుడు పనిలేని పెట్రోల్ ఇంజెక్టర్ల మొనలు మంటకు ఎదురుగా మాడిపోతాయి. దానికి కొద్దిగా పెట్రోల్ కూడా చిమ్ముతూ నడిచే ప్రత్యేక కిట్టు కావాలి. అలాగే మెత్తటి వాల్వ్ సీట్లు ఉన్న ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు గ్యాస్ వేడికి లోపలికి దిగుతూ, వాల్వు పూర్తిగా మూసుకోవడానికి ఉంచే టాపెట్ సందు మూసుకుపోయి కంప్రెషన్ పోతుంది. ఉదయం స్టార్టు చేసినప్పుడు ఒకే సిలిండర్ మిస్సింగ్ కొడుతూ, వేడెక్కాక సర్దుకుంటుంటే గ్యాస్ సామాను విప్పే ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి.

లీకు, చట్టం, వంటగ్యాస్

ఎల్‌పీజీ ఆవిరి గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పాకి గుంటల్లో చేరుతుంది. గాలిలో 2 శాతం దాటితే చాలు, అంటుకుంటుంది. షెడ్డులో బండి కిందికి దిగి చూసే గుంట ఇందుకే అతి ప్రమాదకరమైన చోటు. గ్యాస్ బండిని దాని మీద నిలిపి పనిచేయకూడదు. లీకు వెతకడానికి సబ్బు నీళ్లు తప్ప మరేదీ వద్దు.

బంకు దూరమని వంటింటి సిలిండర్ నుంచి గ్యాస్ ఎక్కించేవాళ్లు ఉన్నారు. అది నేరం, అంతకుమించి ప్రాణాంతకం. ఆటో ట్యాంకును 80 శాతానికి మించి నింపకూడదు, ఎండకు ద్రవం వ్యాకోచించడానికి ఆ ఖాళీ కావాలి. నింపేటప్పుడు మోటరుతో తోసి, గొట్టాలు మార్చి, వాల్వులు తిప్పే చోట ఏ చిన్న నిప్పురవ్వ పడినా అక్కడున్నవాళ్లు బతకరు. కిట్టు విషయంలో కూడా ఆ ఇంజిన్‌కు ఆమోదం ఉన్నదే వేయించాలి. 3.5 టన్నుల లోపు బీఎస్-6 పెట్రోల్ వాహనాలకు గ్యాస్ కిట్టు అమర్చుకునే వీలును కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022లో కల్పించింది. ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులు తప్పవు.

డీజిల్ పికప్‌ల వాళ్లు అడిగే ప్రశ్న

మన సరిహద్దు దారుల్లో సరుకు మోసేవి ఎక్కువగా టర్బో డీజిల్ బళ్లు. వాటికీ గ్యాస్ వేయవచ్చా అని అడుగుతుంటారు. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్గు లేదు, ప్రొపేన్ డీజిల్‌లా వేడికి తనంతట తాను సమయానికి అంటుకోదు. పూర్తిగా గ్యాస్ మీద నడపాలంటే కంప్రెషన్ తగ్గించి, ప్లగ్గులు పెట్టి ఇంజిన్‌ను దాదాపు తిరిగి కట్టాలి. కొందరు చేసేది వేరు. డీజిల్ అలాగే ఉంచి, టర్బోకు పోయే గాలిలో కొద్దిగా గ్యాస్ కలుపుతారు. మోతాదు అతి తక్కువగా ఉన్నంతవరకు ఇంజిన్ ఊరుకుంటుంది. లోడు పెరిగి సిలిండర్ వేడెక్కిన వేళ గ్యాస్ ఎక్కువైతే, డీజిల్ పడకముందే అదుపు లేకుండా అంటుకుని హెడ్ గాస్కెట్‌నో పిస్టన్‌నో పగలగొడుతుంది. పైగా అంటుకునే మిశ్రమం టర్బోలో, ఇంటర్‌కూలర్‌లో నిండి ఉంటుంది. ఇలాంటి పికప్ ఘాట్ మీద ఖణేల్మని కొట్టుకుంటోందని వస్తే, గ్యాస్ వాల్వు మూసి డీజిల్ మీద మాత్రమే అదే ఎక్కుడు ఎక్కించి చూడమంటాను. శబ్దం పోతే ఆ అమరికను విప్పించేయాలి, దానికి ట్యూనింగ్ లేదు. శబ్దం అలాగే ఉంటే డీజిల్ ఇంజెక్టర్లను బెంచి మీద పరీక్ష చేయించాలి.